ఖాళీ జవాబుకు సున్నా

నన్ను చూసి, ఈవిడ ఫుట్‌బాల్ క్లబ్బులో పదకొండేళ్ళు పనిచేసి రిటైరైందని ఎవరూ అనుకోరు. మోకాళ్ళ నొప్పులు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, బస్సు వెళ్ళిపోతున్నా పరుగెత్తని తత్వం. మొన్న గుళ్ళో ప్రసాదం దగ్గర కొత్తగా వచ్చిన స్టూడెంట్లు "ఆంటీ, మీరేం జాబ్ చేసేవారు?" అని అడిగారు. నిజం చెప్పాను. ఒకబ్బాయి మర్యాదగా నవ్వి, పక్కవాడితో "ఆంటీకి జోకులెక్కువరా" అన్నాడు. నాకు వినపడదనుకున్నాడు పాపం. ఇరవై రెండేళ్ళు క్లాసురూముల్లో చివరి బెంచీ మాటలు విన్న చెవులివి.

ఆ అబ్బాయి కోసం, అతనిలాంటి మీ అందరి కోసం ఈ సంగతి రాస్తున్నాను. గొప్పలు చెప్పుకోవడానికి కాదు. గొప్పలకు వేరే సంఘటనలున్నాయి, అవి అడక్కపోయినా చెబుతుంటాను. ఇది నేను చేసిన తప్పు గురించి.

ఊరి పేరు చెప్పను. ఇక్కడ ఊరికొక్క జట్టే కాబట్టి ఊరు చెబితే జట్టు చెప్పినట్టే, జట్టు చెబితే మనుషుల్ని చెప్పినట్టే. కెనడాలో ప్రెయిరీలనే గోధుమ మైదానాల్లో ఏదో ఒక ఊరనుకోండి. రెజైనా అనుకున్నా, విన్నిపెగ్ అనుకున్నా, కాల్గరీ అనుకున్నా చలిలో పెద్ద తేడా ఉండదు.

ఇక్కడికి రాకముందు గుంటూరు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. ఏటా ఎండాకాలం స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడేది. ఇంటర్ పరీక్ష రాసి మీరు సినిమాలకు పోయాక మీ జవాబు పత్రాలు ఎక్కడికి పోతాయో ఎప్పుడైనా ఆలోచించారా? పేరు చింపేసి, కోడ్ నంబరు వేసి, కట్టలు కట్టి, ఒక పెద్ద హాల్లో కిర్రుమనే ఫ్యాన్ల కింద మా ముందు పడేస్తారు. ఎర్ర పెన్ను మా చేతిలో ఉంటుంది. పూటకిన్ని పేపర్లని లెక్క. అక్కడ కొన్ని నియమాలుంటాయి. ఖాళీగా వదిలిన జవాబుకు అడ్డంగా గీత కొట్టి సున్నా వేయాలి. వేసిన మార్కు మార్చాల్సి వస్తే, పాతది కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, లేచి వెళ్ళి చీఫ్ ఎగ్జామినర్‌కు చూపించాలి. ఈ రెండో నియమం కొత్త లెక్చరర్లకు నేర్పింది నేనే. గుర్తుపెట్టుకోండి, నేనే.

కెనడా వచ్చిన మొదటి ఏడాది ఒక కిరాణా షాపు కౌంటర్ దగ్గర రోజంతా నిలబడ్డాను. అప్పుడు ఈ క్లబ్బు ప్రకటన కనపడింది. ఆటల వీడియోలు చూసి ఎవరెక్కడ ఉన్నారో కంప్యూటర్‌లో నమోదు చేయాలి. ఫుట్‌బాల్ తెలియకపోయినా ఫర్వాలేదు, ఓపిక ఉండాలి అని రాశారు. కూర్చుని చేసే పని అని అప్లై చేశా. ఇంతకంటే ఉన్నతమైన కారణం లేదు.

ఆట గురించి మీకు కావలసినంతే చెబుతాను. అమెరికన్ ఫుట్‌బాల్‌కు ఇక్కడి ఆట పెదనాన్న కొడుకు వరస. మైదానం ఇంకాస్త పెద్దది, మనుషులు ఒకరు ఎక్కువ, ముందుకు పోవడానికి ఇచ్చే అవకాశాలు ఒకటి తక్కువ. బంతి పట్టుకున్నవాడు ముందుకు దూసుకుపోవాలి, అవతలివాళ్ళు వాణ్ణి పడగొట్టాలి. ముందు వరుసలో కొండల్లాంటి మనుషులు ఒకరినొకరు తోసుకుంటూ ఉంటారు. వాళ్ళ మధ్య సందులు పడతాయి. ఆ వరుసకు వెనక నిలబడి, సందులోంచి వచ్చేవాణ్ణి ఆపేవాణ్ణి లైన్‌బ్యాకర్ అంటారు. ఒక్కొక్కరికి ఒక్కో సందు అప్పగిస్తారు. ఇంతే.

మూడేళ్ళు నమోదు చేశాక నాకు చిరాకేసింది. కోచ్‌లు కొత్త ఆటగాళ్ళను అంచనా వేసే పద్ధతి చూస్తే, మన ఊళ్ళో పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చిన బంధువులు గుర్తొచ్చేవారు. "కుర్రాడు బాగున్నాడు." "భుజాలు చూశావా?" "వాళ్ళ నాన్న కూడా ఆడాడు." ఇలా. నేను డైరెక్టర్ దగ్గరికి వెళ్ళి స్పాట్ వాల్యుయేషన్ గురించి చెప్పాను. ఆటగాళ్ళను ఎంపిక చేసే విభాగానికి ఆయన అధిపతి. గోధుమ రైతు కొడుకు, మాటలు తక్కువ. పేరు, చదివిన యూనివర్సిటీ కనపడకుండా ప్రతి ఆటగాడి క్లిప్పులకు కోడ్ నంబరు వేస్తాం, ఒక్కో క్లిప్పుకు నాలుగు మార్కులు వేస్తాం అన్నాను. సరైన వైపు కదిలితే ఒకటి, మనిషిని చేరితే ఒకటి, పట్టుకుంటే ఒకటి, పడగొడితే ఒకటి. మొత్తం వందకు తెచ్చి, ముప్పై ఐదు వస్తే పాస్.

"ముప్పై ఐదే ఎందుకు?" అన్నాడాయన.

"అంతే. ముప్పై ఐదు."

ఆయన ఇంకేం అడగలేదు. ఆ ఏడాది ఎవరి కంటికీ ఆనని ఒక కుర్రాడికి నా పద్ధతిలో ఎనభై వచ్చింది. తీసుకున్నారు. వాడు ఆ సీజనంతా దుమ్ము దులిపాడు. అప్పట్నించి నా మార్కుల షీట్ లేకుండా డైరెక్టర్ ఒక్క పేరూ ఖాయం చేసేవాడు కాదు. నాకు కొమ్ములు మొలిచాయి.

ఊళ్ళోకి మన పిల్లలు వెల్లువలా వచ్చిపడిన ఏళ్ళు కూడా అవే. బస్సెక్కితే డ్రైవర్ తప్ప అందరూ తెలుగు మాట్లాడేవారు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురేసి, పొద్దున క్లాసు, సాయంత్రం పిజ్జా షాపు. క్లిప్పులు కత్తిరించి కోడ్ వేయడానికి నాకు మనుషులు కావాల్సి వచ్చి యూనివర్సిటీలో నోటీసు పెట్టిస్తే, వచ్చిన అప్లికేషన్లు చూసి హెచ్.ఆర్. అమ్మాయి "ఇండియాలో ఫుట్‌బాల్ ఇంత పాపులరా?" అని అడిగింది. అవునన్నాను.

అలా వచ్చిందే కరీంనగర్ అమ్మాయి. డేటా సైన్స్ చదివేది. అంతకుముందు కాఫీ షాపు డ్రైవ్‌త్రూ కిటికీలోంచి కార్లవాళ్ళకు కప్పులందించే పని చేసి వచ్చింది. ఆట నియమాలు వారంలో పట్టేసింది, నాకు పట్టడానికి ఏడాది పట్టిన సంగతి ఆమెకు చెప్పలేదు. చురుకైన కళ్ళు, నోరు ఆగదు. క్లబ్బులో నన్ను 'వాల్యుయేషన్ మేడమ్' అని మొదట పిలిచింది ఆమే. తర్వాత ఆ పేరు అర్థం తెలియకుండానే అందరూ పట్టుకున్నారు.

ఇక అసలు మనిషి. ఆ వసంతంలో డ్రాఫ్ట్ జరిగింది. యూనివర్సిటీల్లో ఆడిన కుర్రాళ్ళను జట్లన్నీ వంతులవారీగా ఏరుకునే పద్ధతి అది. మావాళ్ళు చివరి వంతుల్లో ఒక లైన్‌బ్యాకర్‌ను తీసుకున్నారు. చిన్న ఊరి రైతు కుటుంబం. యూనివర్సిటీలో ఆడాల్సిన ఏళ్ళన్నీ అయిపోయాయి కాబట్టి మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆడే వీల్లేదు. ఉంటే ఇక్కడ ఉండాలి, లేకపోతే ఆట మానేసి పొలం దున్నుకోవాలి. మాట్లాడితే నేల చూసేవాడు. అతనితోపాటే ఇంకో లైన్‌బ్యాకర్‌నూ తీసుకున్నారు. వాడు దూకుడు. మనిషిని కొడితే పై వరుసలో కూర్చున్నవాళ్ళకు కూడా చప్పుడు వినపడేది. రెండు వారాల శిక్షణ శిబిరం, రెండు సన్నాహక ఆటలు. ఇద్దరు కుర్రాళ్ళు, జట్టులో మిగిలింది ఒకటే చోటు.

నా షీట్‌లో దూకుడు కుర్రాడి మార్కులు రోజురోజుకూ పెరిగాయి. రైతు కుర్రాడివి లేవలేదు. వాడి క్లిప్పులు చూస్తే ఏమీ జరగదు. బంతి కదులుతుంది, వాడు రెండడుగులు వేసి, మోకాళ్ళు వంచి నిలబడతాడు. ఆట ఇంకోవైపు ముగిసిపోతుంది. నేను గీత కొట్టి సున్నా వేసేదాన్ని.

"ఏందో మేడమ్, బాల్ అసలు వీని దిక్కే వస్తలేదు" అంది కరీంనగర్ అమ్మాయి ఒకరోజు. కోడ్ నంబర్లు వేసేది ఆమే కాబట్టి ఎవరెవరో ఆమెకు తెలుసు. నాకు తెలియకూడదు, కానీ రెండో రోజుకే తెలిసిపోయింది. వాల్యుయేషన్ క్యాంపులో కూడా ఇంతే, దస్తూరీ చూసి మా కాలేజీ పిల్లల్ని పట్టేసేవాళ్ళం.

"రాకపోతే నేనేం చేయను? రాయని జవాబుకు మార్కులు ఎక్కడినుంచి తేను?" అన్నాను.

లైన్‌బ్యాకర్లకు విడిగా ఒక కోచ్ ఉండేవాడు. అమెరికా దక్షిణాది మనిషి. తలుపులో పట్టడు, గొంతు మాత్రం పసిపిల్లల్ని నిద్రపుచ్చేలా ఉండేది. నన్ను 'ప్రొఫెసర్' అనేవాడు. ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి, కుర్చీ సరిపోక బల్ల అంచున కూర్చున్నాడు.

"ప్రొఫెసర్, ఆ పిల్లాడికి మీరు తక్కువ వేస్తున్నారు. వాడు ఉండాల్సిన చోట ఉంటున్నాడు."

"ఉంటే మార్కులు రావు కోచ్‌గారూ. రాస్తే వస్తాయి."

"నాకు కాగితం మీద పెట్టడం రాదు. కానీ వాడు మంచి ఆటగాడు" అన్నాడు.

"కాగితం మీద పెట్టలేనిది ఉందని ఎలా నమ్మాలి?" అన్నాను. ఇది అన్నందుకు నాకు ఇప్పటికీ చెంప మీద కొట్టినట్టుంటుంది. ఆ రోజు మాత్రం అన్నాక గర్వపడ్డాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

రెండో సన్నాహక ఆట శుక్రవారం సాయంత్రం జరిగింది. శనివారం మధ్యాహ్నానికి షీట్ ఇవ్వాలి. ఆదివారం పొద్దున, ఎవరుంటారో ఎవరు వెళ్తారో ఆటగాళ్ళకు చెబుతారు. శనివారం పన్నెండింటికి షీట్ పంపాను. దూకుడు కుర్రాడికి అరవై ఎనిమిది. రైతు కుర్రాడికి ముప్పై ఒకటి. డైరెక్టర్ ప్రింట్ తీసుకోవడం అద్దం తలుపులోంచి చూశాను.

డబ్బా తెరిచి పెరుగన్నం తింటుంటే కరీంనగర్ అమ్మాయి వచ్చింది. చేతులు కట్టుకుని, ప్రిన్సిపల్ గదిలో నిలబడ్డట్టు నిలబడింది.

"మేడమ్, రీవెరిఫికేషన్‌కి అప్లై చేస్తున్నా."

"ఎవరిది?"

"ముప్పై ఒకటోనిది. నాలుగు మార్కులతో పోయిండు కదా, పాపం."

నవ్వాను. ఆమె నవ్వలేదు. "మేడమ్, నాకు ఇంటర్ సెకండియర్‌ల ఫిజిక్స్ పోయింది తెలుసా? ఇంట్ల రెండ్రోజులు ఎవ్వరూ నాతోటి మాట్లాడలే. మా నాయన రీవెరిఫికేషన్‌కి కట్టిండు. తీరా చూస్తే వెనక కట్టిన అడిషనల్ షీట్ ఎవ్వరూ చూడనే లేదంట. అండ్ల రెండు పెద్ద జవాబులున్నయి. గంతే, పాసైన. లేకుంటే నేనీడ ఉంటుంటినా?"

ఏ ఊళ్ళో, ఏ హాల్లో, ఏ లెక్చరర్ ఆ షీట్ తిప్పకుండా వదిలేశాడో నాకు తెలియదు. నేను మాత్రం కాదు, నాది లెక్కల సబ్జెక్టు. అయినా ఆ వృత్తి మొత్తం తరఫున నాకు సిగ్గేసింది. డబ్బా మూత పెట్టాను.

"సరే, పెట్టు. ఎక్కడ చూడలేదంటావు?"

ప్రతి ఆటనూ మేం రెండు కెమెరాలతో తీసేవాళ్ళం. ఒకటి పక్క నుంచి, ఒకటి మైదానం చివర నుంచి. పక్క కెమెరాలో బంతి బాగా కనపడుతుంది కాబట్టి నేను ఎప్పుడూ అదే చూసి మార్కులు వేసేదాన్ని. ఆమె రెండో కెమెరా క్లిప్పు పెట్టింది. అందులో ముందు వరుస సందులు కనపడతాయి. బంతి పట్టుకున్నవాడి తల కనపడుతుంది.

మొదటి క్లిప్పు. బంతి పట్టుకున్నవాడు ముందుకొస్తున్నాడు. హెల్మెట్ ఒక సందు వైపు తిరిగింది. అక్కడే పోవాలని వాళ్ళ ఎత్తు. ఆ సందులో మా రైతు కుర్రాడు అప్పటికే నిలబడి ఉన్నాడు, మోకాళ్ళు వంచి, చేతులు ముందుకు చాచి. హెల్మెట్ గిరుక్కున ఇటు తిరిగింది. బంతి పట్టుకున్నవాడు కాలు తన్నిపెట్టి రెండోవైపు పరుగెత్తాడు. అక్కడ దూకుడు కుర్రాడు కాచుకుని ఉన్నాడు. ధడేల్. జనం కేకలు. నాలుగు మార్కులు.

"ఇంకోటి పెట్టు" అన్నాను.

ఇంకోటి. హెల్మెట్ సందు వైపు తిరిగింది, వాణ్ణి చూసింది, ఇటు తిరిగింది. ఇంకోటి. అదే. నేను గీత కొట్టి సున్నా వేసిన క్లిప్పులన్నీ వరసగా పెట్టించాను. కొన్నింటిలో నిజంగానే ఏమీ లేదు. ఎక్కువవాటిలో ఉంది. పక్కవాడికి నేను వేసిన మార్కుల్లో సగం ఇతని చలవే.

"మేడమ్, వీడు ఖాళీ పెట్టలే. జవాబు రాసిండు. మీరు ఇంకో పేజీ చూసిన్రు" అంది ఆ అమ్మాయి, మెల్లగానే.

సందు మూసి దారి మళ్ళిస్తే పడగొట్టినట్టే లెక్క అనుకుని, ఇద్దరం కూర్చుని మళ్ళీ మార్కులు వేశాం. డెబ్బై నాలుగు వచ్చింది. గడియారం చూస్తే నాలుగున్నర.

ఇప్పుడు నేను ఏం చేయాలో మీకు తెలుసు. కొట్టేసి, సంతకం పెట్టి, లేచి వెళ్ళి చూపించాలి. డైరెక్టర్ గది నా గదికి ఎదురుగానే ఉంది. దీపం వెలుగుతోంది కూడా.

నేను లేవలేదు.

ఎందుకో చెబుతాను, సమర్థించుకోవడానికి కాదు. ఆ భవనం నిండా మగవాళ్ళు, ఆట ఆడి పెరిగినవాళ్ళు. నా మాటకు విలువ వచ్చిందంటే ఒకటే కారణం, నా అంకెలు తప్పవని వాళ్ళు నమ్మారు. నేను తప్పు వేశానని వెళ్ళి చెబితే, పాత పద్ధతి వాళ్ళంతా "మేం అప్పుడే అన్నాం" అంటారు. ముఖ్యంగా కోచ్ ముఖం ఎలా చూడాలి? అందుకని తెలివైన పని ఒకటి చేశాను. షీట్ కంప్యూటర్‌లో అందరికీ కనపడే చోటే ఉంటుంది కదా. ముప్పై ఒకటి తుడిచేసి డెబ్బై నాలుగు కొట్టాను. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనే చూసుకుంటాడు, పొద్దున అంతా సర్దుకుంటుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను.

"సార్‌కి చెప్పరా మేడమ్?" అంది కరీంనగర్ అమ్మాయి.

"మార్చేశాగా. చూస్తాడు."

"చూడకపోతే?"

"చూడకపోవడమేంటి?" అని కోటు తగిలించుకున్నాను. ఇంటికెళ్ళి దోసకాయ పప్పు వండుకున్నాను. బాగా కుదిరింది కూడా. ఆ పూట రుచి తలుచుకుంటే నా మీద నాకే కోపమొస్తుంది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నా గది తలుపు తట్టారు. ఆటగాళ్ళ ఎత్తుగడలన్నీ టాబ్లెట్లలో ఉంటాయి. జట్టులోంచి తీసేసినవాళ్ళు వాటిని వీడియో గదిలో ఇచ్చి వెళ్ళాలి. ఆ గది నాదే. తలుపు తీస్తే రైతు కుర్రాడు. ఒక చేతిలో నల్ల చెత్త సంచి, అందులో బూట్లు, బట్టలు. రెండో చేతిలో టాబ్లెట్. తెర తుడిచి తెచ్చాడు.

"థాంక్యూ మేడమ్. వీడియోలు రోజూ టైముకు పెట్టారు" అన్నాడు నేలవైపు చూస్తూ.

అతను వెళ్ళిపోయాడు. టాబ్లెట్ బల్ల మీద పెట్టి, ఎదురు గదికి పరుగులాంటిది పెట్టాను. పదకొండేళ్ళలో అదొక్కసారే.

డైరెక్టర్ బల్ల మీద శనివారం మధ్యాహ్నం ప్రింట్ ఉంది. ముప్పై ఒకటి కింద ఆయన పెన్సిల్‌తో గీత గీసుకున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. రెండో కెమెరా, గీతలు, డెబ్బై నాలుగు, నిన్న సాయంత్రం మార్చిన సంగతి. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"పేర్లు లీగ్ ఆఫీసుకు వెళ్ళిపోయాయి. ఆ చోటు నిండిపోయింది" అన్నాడు చివర్లో.

"వెనక్కి తీసుకోలేమా?"

"ఇంకో కుర్రాడికి నువ్వున్నావని పొద్దున్నే చెప్పాను. ఇప్పుడు వాణ్ణి పిలిచి లేవని చెప్పనా?" ఆగి, కిటికీలోంచి బయటికి చూశాడు. "నిన్న ఆరింటిదాకా ఇక్కడే ఉన్నాను. మీ గదికీ నా గదికీ మధ్య పన్నెండడుగులు."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కాలిన చేతులు నావి కావు, అదొక్కటే తేడా.

"అతను ఇంకా పార్కింగ్‌లోనే ఉన్నాడు. ఇప్పుడు నాకు చెప్పింది వెళ్ళి వాడికి చెప్పండి" అన్నాడు.

అతను పాత పికప్ ట్రక్కు వెనక తలుపు దించి సంచి సర్దుకుంటున్నాడు. దుమ్ము గాలి కొడుతోంది. కోటు లేకుండా వచ్చేశాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. లెక్చరర్‌ని కాబట్టి పాఠంలా మొదలుపెట్టి ఉంటాను. బంతి పట్టుకున్నవాడి తల నీ వైపు తిరిగి, నిన్ను చూసి, పక్కకు పోయింది, ఒకసారి కాదు, చాలాసార్లు అని చెప్పాను. నేను అది చూడలేదని కూడా చెప్పాను.

అతను మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "అంటే, నేను ఉండాల్సిన చోటే ఉన్నానా?"

"ఉన్నావు. దాదాపు ప్రతిసారీ."

ట్రక్కు అంచున కూలబడ్డాడు. "నేను కూడా వీడియోలు చూసుకున్నా మేడమ్. నా దాంట్లో ఏమీ కనపడేది కాదు. నాకు ఆట రాదేమో అనుకున్నా" అని నవ్వాడు. "మా అమ్మ రెండు ఆటలకూ వచ్చింది. అందరూ పరుగెత్తుతుంటే నువ్వెందుకురా ఊరికే నిలబడతావు అంది. ఒక పని చేస్తారా? ఈ మాట ఆమెకు చెబుతారా?"

నేను ఏదో అనేలోపే ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. అవతల ట్రాక్టర్ చప్పుడు. విత్తనాలు వేసే రోజులు. ఇండియాలో ఉండగా ఎందరో తల్లులు నా బల్ల ముందు నిలబడి మావాడెందుకు తప్పాడని అడిగారు. కాగితం తీసి చూపించి పంపించేదాన్ని. ఈమెకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

"మీ అబ్బాయి ఊరికే నిలబడలేదండీ. అతను అక్కడ నిలబడ్డాడు కాబట్టే ఎవరూ అటు రాలేదు" అన్నాను.

ట్రాక్టర్ ఆగింది. "మీరెవరు?"

"మార్కులు వేసేదాన్ని."

"ఎన్ని వేశారు?"

"ముప్పై ఒకటి."

"వందకా?"

"వందకే."

"ఇప్పుడు మీరు చెప్పినదానికి ఎంత రావాలి?"

"డెబ్బై నాలుగు."

"మరి వాణ్ణి ఎందుకు తీసేశారు?"

కొడుకు నా పక్కనే ఉన్నాడు. గాలికి కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయని చెప్పుకోవచ్చు, కానీ గాలికి కాదు.

"నేను మార్కులు తప్పు వేశానమ్మా. నిన్న సాయంత్రమే తెలిసింది. చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఈలోపు తీసేశారు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఆ మాటే కాగితం మీద రాసివ్వండి. మీ పేరు, మీ సంతకం పెట్టండి. రేపు వాడు ఇంకో గుమ్మం ఎక్కాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా" అంది. ట్రాక్టర్ మళ్ళీ మొదలైంది.

గదిలోంచి కాగితం తెచ్చి, ట్రక్కు వెనక తలుపు మీదే పెట్టి రాశాను. గాలికి ఎగిరిపోకుండా అతను రెండు మూలలూ పట్టుకున్నాడు. రాసింది చదివి, "నా తప్పు అని మూడుసార్లు రాశారు మేడమ్. ఒకసారి సరిపోతుందేమో" అన్నాడు.

"మూడూ ఉండనీ" అన్నాను.

ఆ కాగితాన్ని లైన్‌బ్యాకర్ల కోచ్ స్కాన్ చేసి, తనకు తెలిసిన జట్లన్నిటికీ పంపించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. సోమవారం నుంచి నా గదికి వచ్చి, బల్ల అంచునే కూర్చుని, రెండో కెమెరాలో ఏం చూడాలో ఓపిగ్గా నేర్పాడు. కరీంనగర్ అమ్మాయి పక్కన కూర్చుని నోట్సు రాసుకుంది. ఇప్పుడు ఆమె పెద్ద ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేస్తోంది, నాకు ఫోన్ చేసినప్పుడల్లా ఇంకా ఏమైనా రీవెరిఫికేషన్లున్నాయా అని అడుగుతుంది.

రెండు వారాలకు పక్క ప్రావిన్సు జట్టు నుంచి రైతు కుర్రాడికి కబురొచ్చింది. ఇంకా ఆడుతున్నాడు. మైకులో అతని పేరు చదవడం అరుదు. వాళ్ళమ్మ మాత్రం పొలం పని ఉన్నా మానుకుని ప్రతి ఆటకూ వెళ్తుందట. బంతి ఎటు పోయినా సరే, జనమంతా లేచి అటు తిరిగి అరుస్తున్నా సరే, ఆవిడ కూర్చున్న చోటు నుంచి కదలకుండా కొడుకు నిలబడ్డ సందునే చూస్తుందట.